జ్వరం చెప్పని సర్వరు

ఆ ఇంట్లో తొడుగు లేని వస్తువు కనిపించిందంటే, అది కొని ఇంకా వారం కాలేదన్నమాట. టీవీకి తొడుగు, రిమోట్‌కి తొడుగు, ఫ్రిజ్ చేతిపిడికి తొడుగు, గ్యాస్ సిలిండరుకి అంచులు కుచ్చిన గౌను. అన్నీ అత్తగారి క్రోషా అల్లికలే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కాసేపు కదలకుండా కూర్చుంటే ఆవిడ కళ్ళతోనే వాళ్ళ కొలతలు తీసేసుకుంటారు.

ఆ అత్తగారే ఇప్పుడు ఊలుండతో, కొక్కెపు సూదితో ఇంటర్నెట్‌లోకి దిగుతున్నారు. శనివారం పొద్దున మొదటి క్లాసు. ముక్కూ మొహం తెలియని వాళ్ళెందరో చేరారు. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ ఆవిడ నడకే మారిపోయింది. అద్దం ముందు నిలబడి "అందరికీ నమస్కారం" అనడం, నచ్చక మళ్ళీ అనడం కోడలి చెవిన పడుతూనే ఉంది.

వీడియోలకి బోలెడు కంపెనీలున్నాయి. కానీ కొడుకు ఊరుకుంటేగా! "మనింట్లో మన సర్వరుండగా బయటివాళ్ళని దేబిరించడమెందుకమ్మా?" అని ఛాతీ విరిచాడు. ఆయనగారి ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో, మనసు మాత్రం లినక్స్ కంప్యూటర్ల మీద. స్టోర్‌రూంలో చెప్పుల అట్టపెట్టెంత యంత్రం ఒకటి పెట్టాడు. దానికి స్క్రీను లేదు, కీబోర్డు లేదు. హాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చునే దానిమీద పెత్తనం చేస్తాడు. స్టోర్‌రూంలోకి మాత్రం అడుగుపెట్టడు. పెడితే అటకమీంచి ఏదో ఒకటి దింపమంటారని భయం. అత్తగారు సూది తిప్పుతుంటే ఆ బొమ్మని ఊరూవాడా చూపించాల్సింది ఆ పెట్టే.

వచ్చిన చిక్కల్లా, అది మధ్యలో గుటుక్కుమంటోంది.

రిహార్సల్‌కి అత్తగారి చెల్లెలు, ఆవిడ స్నేహితులు చూశారు. మూడో వరుస దగ్గర బొమ్మ ఆగిపోయింది. చెల్లెలు వెంటనే ఫోను చేసింది.

"అక్కయ్యా, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయావేమిటే? నువ్వు మాట మధ్యలో ఆపడం పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం. అందరం చప్పట్లు కొట్టాం."

రెండో రిహార్సల్‌లోనూ అదే వరస, అవే చప్పట్లు. అత్తగారు కోప్పడలేదు. సూదులన్నీ డబ్బాలో సర్దుతూ, "శనివారం కూడా ఇలాగే అయితే ఈ డబ్బా మూత ఇక తెరవనులే. ఈ వయసులో నలుగుర్లో నవ్వులపాలు కావడం నాకెందుకూ?" అన్నారు మెల్లిగా.

ఆవిడ మెల్లిగా మాట్లాడితే కోడలికి భయం. అరిస్తే అదేం లేదు, సాయంత్రానికి సర్దుకుంటుంది. పైగా బయట శిష్యులు జారిపోతే ఇంట్లో మిగిలే శిష్యురాలు తనొక్కతే. తన అల్లిక చూసి ఆవిడ ఓసారి, "ఇది వలా, వడపోత గుడ్డా?" అని అడిగి ఉన్నారు. అదలా ఉంచితే, అద్దం ముందు నమస్కారాలు ప్రాక్టీసు చేసే అత్తగారు ఆ అమ్మాయికి భలే నచ్చారు. ఆ మనిషి మళ్ళీ డబ్బాలోకి వెళ్ళిపోకూడదు.

అందుకే శుక్రవారం మొగుడుగారు సెలవు పెట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చోగానే తనూ ఓ కుర్చీ లాక్కుంది. పెళ్ళికి ముందు ఫిజిక్స్‌లో డిగ్రీ చేసింది. అది పాలలో థర్మామీటరు పెట్టి పెరుగు తోడేయడానికి తప్ప ఇంతవరకూ అక్కరకి రాలేదు.

"ఇదిగో, ఇది మానిటరింగ్ టూల్," అన్నాడాయన గర్వంగా. "సర్వరు ఆరోగ్యం అంతా ఇందులో తెలిసిపోతుంది. మెమరీ చూడు. డిస్కు చూడు. నెట్‌వర్క్ చూడు."

గీతలు, రంగులు, ముళ్ళు. ఆస్పత్రిలో రోగి మంచం పక్కన పెట్టే తెరలా ఉంది. ఒక్క గడిలో మాత్రం చిన్న అడ్డగీత తప్ప ఏమీ లేదు.

"అదేమిటండీ?"

"అదే కదా నా బాధ. ప్రాసెసర్ ఉష్ణోగ్రత. వేడెక్కి ఆగిపోతోందని నా అనుమానం. కానీ ఎంత వేడో చెప్పి చావట్లేదు."

"అన్నీ చెప్పి జ్వరం ఒక్కటీ చెప్పని డాక్టరన్నమాట."

ఆయన నవ్వలేదు. వేడిని కనిపెట్టే సెన్సర్లని వెతికే ప్రోగ్రాం నడిపించాడు. అది పెళ్ళిచూపుల్లో పెద్దత్తలా ప్రశ్నమీద ప్రశ్న వేసింది. ఇది వెతకనా, అది వెతకనా, అక్కడ చూడనా? ఆయన ప్రతిదానికీ 'ఎస్' కొట్టాడు. చివరికి, 'క్షమించాలి, సెన్సర్లేవీ కనబడలేదు' అని ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా చెప్పి తప్పుకుంది. టూల్‌ని తీసేసి మళ్ళీ పెట్టాడు. అడ్డగీత. కొత్త వెర్షను తెచ్చాడు. ఇంకాస్త అందమైన అడ్డగీత.

"పోనీ సెన్సరే లేదేమో?" అంది కోడలు.

"లేకపోవడమేమిటి! ఎనిమిది కోర్ల ప్రాసెసర్ అది. ఏరి కోరి కొన్నాను."

"ఎనిమిదా? ఇక్కడ రెండే చూపిస్తోందిగా?"

"రెండే ఇచ్చాను దానికి."

"దేనికి?"

"దీనికే. ఈ..." అని ఆయన ఆగాడు. చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. చూపు గోడ మీదకి పోయింది. రిహార్సల్‌లో బొమ్మ ఆగిపోయినప్పుడు అత్తగారి మొహం సరిగ్గా ఇలాగే ఉంది. తల్లి పోలిక అంటే ఇదే కాబోలు అనుకుంది కోడలు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. అసలు పెట్టెలో నేనొక ఉత్తుత్తి పెట్టె తయారుచేశాను. వర్చువల్ మెషీను అంటారు. మాయ కంప్యూటరనుకో. వీడియోలు అందులోంచే నడుస్తాయి. ఈ టూల్ని కూడా... అందులోనే పెట్టినట్టున్నాను."

"దానికి సెన్సరుండదా?"

"దానికి ప్రాసెసరే లేదు. అసలుదాన్ని అరువిచ్చానంతే."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది.

"అంటే పొద్దుట్నుంచీ మనం ఒళ్ళే లేనిదాని చంకలో థర్మామీటరు పెట్టి, జ్వరం ఎందుకు రావట్లేదని కంగారుపడుతున్నామా?"

"నవ్వింది చాల్లే. అమ్మకి చెప్పకు."

"నాకేం పని చెప్పడానికి!" అంది వంటింటివైపు చూస్తూ. అత్తగారి చెవిన పడితే చాలు, అక్కణ్ణుంచి ఆవిడ చెల్లెలికి చేరిపోతుంది కబురు.

ఈసారి ఆయన అసలు పెట్టెలోకే లాగిన్ అయ్యాడు. సెన్సర్ల ప్రోగ్రాం ఎక్కించాడు. మళ్ళీ అవే ప్రశ్నలు, అవే 'ఎస్'లు. కానీ ఈసారి అది క్షమాపణ చెప్పలేదు. ప్రాసెసర్ వేడిని చదివే డ్రైవరనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉందనీ, దాన్నెవరూ పిలవలేదు కనక పడుకునుందనీ చెప్పింది. ఆయన దాన్ని లేపాడు. పెట్టె ఆపి మళ్ళీ పెట్టినా అది తనంతట తనే లేచేలా ఒక వాక్యం రాశాడు. టూల్ని ఇక్కడ కూడా పెట్టి మొదలుపెట్టాడు.

అడ్డగీత పోయింది. దాని చోట ఎర్రటి అంకె.

"ఎనభై ఆరు!" అని ఆయన కుర్చీలోంచి లేచాడు. ఆనందం అర నిమిషమే. "ఎనభై ఆరేమిటి? ఇప్పుడు వీడియో కూడా నడవట్లేదు. పనీపాటా లేకుండానే ఎనభై ఆరా? వీడియో మొదలైతే నూరు దాటుతుంది. అందుకే ప్రాణం దక్కించుకోడానికి ఆగిపోతోంది. ఫ్యాను పోయుంటుంది. లేకపోతే ప్రాసెసర్ మీద వేడి లాగడానికి పూసిన పేస్టు ఎండిపోయుంటుంది. రేపటికి ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి?"

ఆయన తల పట్టుకుని సామాన్ల దుకాణాలకి ఫోన్లు మొదలుపెట్టాడు. ఒళ్ళున్నవాళ్ళని దగ్గరికెళ్ళి చూడటం మేలనుకుని కోడలు స్టోర్‌రూంలోకి నడిచింది.

అక్కడ, పాత సూట్‌కేసుల పక్కన, సర్వరు ఊదారంగు స్వెటరు తొడుక్కుని కూర్చునుంది.

చిక్కటి అల్లిక. వేలు కాదు కదా, గాలి కూడా దూరే సందు లేదు. నెత్తిన తెల్లటి పువ్వు. వెనకాల వైర్లు బయటికి రావడానికి ఓ రంధ్రం, దాని చుట్టూ బొత్తాములు. చెయ్యి వేస్తే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా కాలింది. లోపల ఫ్యాను దుప్పట్లో దూరిన కందిరీగలా గింజుకుంటోంది.

కోడలు నాలుక కరుచుకుంది. కిందటి నెల అత్తగారు టేపు పట్టుకుని మిక్సీ చుట్టూ తిరుగుతుంటే, "మిక్సీకి ఇప్పుడేం తొందర అత్తయ్యా, పాపం ఆ సర్వరు చూడండి, స్టోర్‌రూంలో దుమ్ముకొట్టుకుపోతూ దిక్కులేకుండా పడుంది," అని దారి మళ్ళించింది తనే మరి. మిక్సీని కాపాడుకుంది. ఆ గండం కాస్తా అత్తగారి క్లాసు మీద పడింది.

చప్పుడు చెయ్యకుండా తీసి దాచేయొచ్చు. కానీ ఆవిడ రోజూ వచ్చి బొత్తాములు సరిచూసుకుంటారు, మళ్ళీ తొడిగేస్తారు. పోనీ మొహం మీదే చెబుదామా అంటే, రేపు క్లాసు పెట్టుకుని ఇవాళ 'మీ అల్లికే కొంప ముంచింది' అని ఏ నోటితో అనడం? ఆలోచించి, అత్తగారిని తీసుకొచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది.

"అత్తయ్యా, సర్వరుకి జ్వరం. చూడండి, ఎనభై ఏడు."

"అమ్మో! మందేదన్నా ఉందా?"

"మరి, ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు కాలిపోతుంటే మీరు ముందుగా ఏం చేస్తారు?"

"తడిగుడ్డ వేస్తాను."

"వద్దొద్దు!" అని ఫోను వదిలేసి అరిచాడు కొడుకు.

"తడిగుడ్డకి ముందు, అత్తయ్యా. దుప్పటీ గట్రా కప్పుకునుంటే..."

అత్తగారు అంకె వైపు చూశారు. కోడలి వైపు చూశారు. లేచి గబగబా స్టోర్‌రూంలోకి వెళ్ళారు. బొత్తాములు విప్పుతున్న చప్పుడు.

ఎనభై ఏడు. ఎనభై. డెబ్భై మూడు.

"ఎంతా?" లోపల్నుంచి కేక.

"అరవై ఆరు అత్తయ్యా!"

"ఇప్పుడూ?"

"యాభై ఎనిమిది! దిగుతోంది!"

అత్తగారు ఊదా స్వెటరు భుజాన వేసుకుని బయటికొచ్చారు. మొహంలో చిన్నబుచ్చుకున్న జాడేమీ లేదు, పైగా కళ్ళు మెరుస్తున్నాయి.

"ఆ ముక్క చెప్పడానికి ఇన్ని మెలికలు తిరగాలా అమ్మాయ్? ఉడుక్కుంటాననుకున్నావా? అల్లింది విప్పాలంటే ఏడ్చేది కొత్తగా నేర్చుకునేవాళ్ళు. నేను విప్పినంత ఊలుతో ఈ వీధికంతా పందిరి వేయొచ్చు." కొడుకు వైపు తిరిగారు. "నువ్వేంట్రా, ఇంత చదివి స్టోర్‌రూంలోకి ఓసారి తొంగిచూడలేకపోయావా?"

"రిమోట్‌గా చూస్తున్నానమ్మా," అన్నాడు గొణుగుతూ.

"లోపలికి ఎలాగూ రావాలి. అటకమీది పెద్ద డబ్బా దింపు. అందులో తెల్ల ఊలుంది."

శనివారం పొద్దున అత్తగారు కెమెరా ముందు కూర్చున్నారు. కోడలు, కొడుకు హాలు రెండో మూల ఇంకో స్క్రీనులో ఉష్ణోగ్రత గీతని రెప్పవేయకుండా చూస్తున్నారు. ఆవిడ నమస్కారం చెప్పి, ఊదా స్వెటరు పైకెత్తి అందరికీ చూపించారు.

"ఇంతకంటే చిక్కగా నేనెప్పుడూ అల్లలేదు. చూశారుగా, ఎంత ముద్దుగా ఉందో. ఇది తొడుక్కున్నవాడికి ఊపిరాడలేదు. అందుకని ఇవాళ అల్లడం కాదు, ముందు విప్పడం నేర్చుకుందాం." కొసన ముడి తీసి లాగారు.

వరస వెనక వరస ఊడుతూ వచ్చింది. రిహార్సల్‌లో ఆగిపోయిన మూడో వరుస దాటింది. పదో వరుస దాటింది. గీత అరవై దగ్గర బుద్ధిగా నిలబడింది. మొగుడుగారు కోడలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, వదలడం మర్చిపోయాడు. చివరికి తెల్లపువ్వు కూడా విడిపోయి ఊదా రంగు ఉండ ఒళ్ళో పడేసరికి, అటువైపు నుంచి ఒకటే చప్పట్లు. ఈసారి బొమ్మ ఆగిపోయినందుకు కాదు.

చెల్లెలు ఫోను చేసింది. "అక్కయ్యా, చివరిదాకా మాట్లాడావు. మళ్ళీ మొదటికొచ్చింది మా బతుకు!"

అత్తగారు పకపకా నవ్వి ఫోను పెట్టేశారు. ఊలుండని చేత్తో బరువు చూసుకుంటూ వంటింట్లోకి నడిచారు.

"ఇంత మంచి ఊలు వృథా చేయకూడదు. ఈసారి కన్నాలు కన్నాలుగా, గాలాడేటట్టు అల్లుతాను. అమ్మాయ్, ఆ మిక్సీని కాస్త ఇటు తిప్పు, వెనక కొలత అందట్లేదు."

కోడలు మిక్సీని తిప్పింది.