తీసిపెట్టిన పిడికెడు

జైల్లో వడ్డించిన అన్నం కెజియమ్మ గదిలో మాత్రం తిరిగి బియ్యమవుతోంది. అంతా కాదు, ఆమె తినకుండా తీసిపెట్టిన పిడికెడే.

ఇంట్లో ఉన్నప్పుడు ఎసట్లో బియ్యం పోసే ముందు దేవుడి పేర పిడికెడు తీసి కుండలో వేసేది. ఆదివారం చర్చికి పట్టుకెళ్ళేది. వాళ్ళ పేటలో ఆడవాళ్ళందరి అలవాటే అది. ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టినందుకు ఆమెను ఇక్కడికి తెచ్చారు. ఇక్కడ బియ్యం ఎవరిస్తారు? అందుకే పళ్ళెంలోంచి ఓ ముద్ద తీసి మూలన పెడుతోంది. కడుపు నకనకలాడుతున్నా సరే. మొండి మనిషి.

తెల్లారేసరికి ముద్ద బియ్యమవుతుంది. మర్నాటికి ఊక తొడుక్కుని వడ్లవుతుంది. ఆ తర్వాత మొలకెత్తుతుంది. నారుకు చోటు చాలనప్పుడు గోడ మర్యాదగా వెనక్కి జరుగుతుంది.

కాపలా కాసే తాయారు చెప్పులు చేత్తో పట్టుకుని మడిలోకి దిగుతుంది. "దీనికి నీళ్ళెక్కడివే?"

"నా చెంబులోవే అక్కా. సగం నాకు, సగం దానికి."

"సరిపోతన్నాయా?"

"దానికి సరిపోతన్నాయి."

తాయారు వంగి వంగి చూస్తుంది. "రేపు కలుపు తియ్యాలి" అని తాళం వేసుకుని వెళ్తుంది.

కబురు విని సూపరింటెండెంటు బూట్లతోనే దిగుతాడు. తిట్టడు. "ఇవాళ్టి ముద్ద కూడా నువ్వే తినెయ్యమ్మా. ప్రార్థన మానేశావనుకుంటాం. సాయంత్రానికి నీ కూతురి దగ్గరుంటావు." తలుపు బార్లా తెరిచి పెడతాడు.

కెజియమ్మకు కూతురు తబిత కళ్ళల్లో మెదులుతుంది. ఏడుపొస్తుంది. ముద్ద నోటిదాకా వెళ్తుంది కూడా.

"నాది కానిది నేనెట్టా తింటానయ్యా? మీరు పట్టుకోండి." ముసుగు సర్దుకుని ఆయన అరచేతిలో పెడుతుంది.

పిడికిలి మూసుకుంటుంది. మళ్ళీ తెరుచుకోదు. సందుల్లోంచి పచ్చటి మొలకలు వస్తాయి. ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంటాడు. బూట్లు అప్పటికే వేరుపట్టాయి.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"కదలకండయ్యా. మొలక పాడవుద్ది."

గుమ్మంలో నిలబడ్డ తాయారు దారికి అడ్డు తప్పుకుంటుంది. కెజియమ్మ గడప దాకా వెళ్లి వెనక్కి చూస్తుంది. మొలకలు అప్పుడే వాడుతున్నాయి. ఈయనకు నీళ్ళెవరు పోస్తారు? గొణుక్కుంటూ తిరిగొచ్చి చెంబు ఎత్తుతుంది.

నీళ్ళు పడగానే పిడికిలి మీద వరి వెన్ను వేస్తుంది. ఒక్కో గింజకూ ఓ చిన్న కిటికీ. కెజియమ్మ కన్ను ఆనించి చూస్తుంది. లోపల తబిత ముసుగు వేసుకుని పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఎసరు మరుగుతోంది. ఆ పిల్ల పిడికెడు బియ్యం తీసి, కిటికీలోంచి చెయ్యి చాపి, సూపరింటెండెంటు రెండో అరచేతిలో పోస్తోంది.