గేటు బయట పావుగంట

హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు నుంచీ ఆమె ఒకే మనిషి కోసం కాచుకుని ఉంది. ఇదే బడిలో ఐదేళ్ల పాటు, ప్రార్థన జరిగినంతసేపూ తనను గేటు బయట ఎండలో నిలబెట్టిన ప్రార్థన మాస్టారి కోసం. అప్పట్లో బడి మొత్తానికీ వేరే మతం పిల్ల ఆమె ఒక్కతే. లోపల రెండు వందల గొంతులు, బయట ఆమె, ఆమెను చూసి నవ్వుకుంటూ పోయే సైకిళ్లు. ఆ నవ్వులను ముప్పై ఏళ్లుగా ఆమె మరిచిపోలేదు.

ఇప్పుడు బడిలో ఏడు మతాల పిల్లలున్నారు. అందరికీ అన్ని మతాలనూ పరిచయం చేసే కొత్త పీరియడ్ ఒకటి పెట్టారు. దాన్ని చెబుతానని, రిటైరై ఇంట్లో ఊసుపోక, దరఖాస్తు పెట్టుకున్నది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆ మాస్టారే. ఆ కాగితం చూసిన సంతోషంలో ఆమెకు ఆకలి కూడా వేయలేదు.

ప్రార్థన వేళకే రమ్మని కబురు పెట్టి, గేటుకు తాళం వేయించింది. డెబ్బై దాటిన మనిషి పావుగంట ఎండలో నిలబడ్డాడు. ఆమె కిటికీలోంచి తనివితీరా చూసింది.

లోపలికి వచ్చాక కూర్చోమనలేదు. "నన్ను గుర్తుపట్టారా మాస్టారూ?"

"పట్టానమ్మా. నిలబెట్టింది నేనే, కాదనను. కానీ మా ప్రార్థన నీ చెవిన పడకూడదని ఉత్తరం రాసిచ్చింది మీ నాన్నగారు."

"ఎండలో నిలబెట్టమని కూడా రాశారా?"

"లేదమ్మా. అది నా పనే," అన్నాడు మాస్టారు.

నాన్న ఉండేది ఆమె ఇంట్లోనే. మధ్యాహ్నం భోజనానికి వెళ్లినప్పుడు అడిగేసింది. ఆయన తాపీగా చేతులు కడుక్కున్నాడు.

"రాశానమ్మా. రెండు మూడుసార్లు అటుగా వెళ్తూ చూశాను కూడా. చెమటలు కారుతున్నా కదల్లేదు నువ్వు. ఎంత గర్వమేసిందో."

చూసి, వెళ్లిపోయాడన్న మాట. ఆమెకు అన్నం సహించలేదు. ఇన్నేళ్ల కోపాన్నీ ఒక్క మాస్టారికే ధారపోసినందుకు తన మీద తనకే మండింది.

బడికి తిరిగొచ్చి మాస్టారిని తీసుకుంటున్నట్టు సంతకం పెట్టింది. ఆ కిందే ఇంకో రెండు వాక్యాలు చేర్చింది. ఈ పీరియడ్‌ను వేర్వేరు మతాల పెద్దలిద్దరు కలిసి చెప్పాలి. రోజూ పిల్లల ఏడు మతాల ప్రార్థనలూ అయ్యేదాకా ఆ ఇద్దరూ ఆవరణలో నిలబడి వినాలి. రెండో పెద్దమనిషిగా నాన్న పేరు రాసింది.

సాయంత్రం ఆ కాగితం చదివి నాన్న పాలిపోయాడు. "ఈ వయసులో అవన్నీ నా చెవిన పడాలా తల్లీ?"

"పడాలి నాన్నా," అంది. "రోజూ అటుగా వెళ్తూ చూస్తాలే. నాకూ గర్వంగా ఉంటుంది."