దెబ్బకు కారణం

మా ఆసుపత్రి గాయాల రిజిస్టరులో "కారణం" అనే గడి నాది. నేను ఏది రాసినా డాక్టరు గారు చూడకుండానే సంతకం గిలికేస్తారు. కొట్లాట అని రాస్తే పోలీసులకు కబురు పెట్టాలి, కోర్టుల చుట్టూ తిరగాలి. అందుకని పంతొమ్మిదేళ్లుగా, తన్నులు తిని వచ్చిన ప్రతివాడికీ "మెట్ల మీద నుంచి జారిపడ్డాడు" అని రాసి పంపేవాణ్ణి. నా రిజిస్టరును నమ్మితే ఈ ఊళ్ళో మెట్లంత దుర్మార్గమైనవి ఇంకేవీ లేవు. మంచి కాంపౌండరు అనేవాళ్ళు అందరూ. నేనూ నమ్మాను, వెధవని.

ఒక మధ్యాహ్నం, మా తమ్ముడితో ఉండే పెయింటరు వాణ్ణి తోపుడు బండి మీద వేసుకొచ్చాడు. తమ్ముడు ప్రెస్సులో పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. ఆ ఇద్దరూ ఆరేళ్లుగా ఒకే గదిలో కాపురం ఉంటున్నారు. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ నోరెత్తం. ఆ రోజు భోజనాల వేళ ప్రెస్సులోనే పనిచేసే నలుగురు వాణ్ణి కటింగ్ మిషను పక్కన పడేసి ఇనుప కడ్డీలతో కుళ్ళబొడిచారు. దవడ రెండు ముక్కలైంది. మూడు పక్కటెముకలు విరిగాయి. వాడి నోట్లోంచి పళ్ళు ఏరి ట్రేలో వేశాను.

"అన్నయ్యా, నలుగురి పేర్లూ చెప్తాను, రాయండి," అన్నాడు పెయింటరు.

"నోర్ముయ్! ఎందుకు కొట్టారో ఊరంతా చాటింపు వేయమంటావా? మా అమ్మ తలెత్తుకు తిరగొద్దా?"

మెట్లు అని రాశాను. తమ్ముడు చూస్తూనే ఉన్నాడు. దవడ కదలక మంచం పట్టీని పిడికిలితో గుద్దాడు.

పెయింటరు ఊరుకోలేదు. ఒక లాయరమ్మను వెంటబెట్టుకొచ్చాడు. మనిషి ఎవరితో కాపురం చేసినా సరే, వాడి ఒంటి మీద చెయ్యి పడకుండా కాపాడతామని మన ప్రభుత్వం ప్రపంచ దేశాల ఒప్పందం మీద సంతకం పెట్టిందట. ఆ మాట తప్పితే పై దేశంలో కూర్చునే మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు చేయొచ్చట.

"కానీ వాళ్ళు మొదట అడిగేది ఒకటే, మీ ఊళ్ళో న్యాయం అడిగారా అని," అందామె. "ముందు స్టేషనుకి వెళ్ళాలి."

వెళ్ళారు. ఇన్‌స్పెక్టరు నా రిజిస్టరు తెప్పించి పగలబడి నవ్వాడు. "సొంత అన్నే రాశాడు కదమ్మా, మెట్ల మీంచి పడ్డాడని! మెట్లని అరెస్టు చేయనా?"

కేసు లేదన్నాక ఆ నలుగురికీ పట్టపగ్గాల్లేవు. పన్నెండో రోజు పొద్దున్నే, లాయరమ్మను తెచ్చినందుకు పెయింటరును నిచ్చెన మీద నుంచి కిందికి లాగి అవే కడ్డీలతో తల పగలగొట్టారు. నా బల్ల మీదికి తెచ్చేసరికి చెవుల్లోంచి రక్తం. దూది ఎంత కుక్కినా తడిసిపోతోంది. వెంట వచ్చిన లాయరమ్మ వాడి తల పట్టుకుంది. అంత నొప్పిలోనూ వాడు ఒక్కొక్క పేరే కూడబలుక్కుని చెప్పాడు. ఈసారి నాలుగూ రాశాను. నాలుగో పేరు చెప్పాక ఊపిరి ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరు వచ్చి రిజిస్టరులోకి తొంగి చూశాడు. "ఆ పేర్లు కొట్టేసి మెట్లని రాయి. నీకు అలవాటేగా."

"రాయను."

లాఠీ నా కుడిచేతి మీద పడింది. రెండు వేళ్ళు విరిగాయి. కళ్ళు బైర్లు కమ్మాయి. వాడు ఆ కాగితం పర్రున చింపి జేబులో కుక్కుకున్నాడు. అప్పటికే లాయరమ్మ దాన్ని ఫోనులో ఫొటో తీసింది.

పెయింటరు కేసు నిలబడేలా ఉంది. తమ్ముడి కేసు నిలబడాలంటే మాత్రం నా రాత అబద్ధమని నేనే ప్రమాణం చేయాలి. ఉద్యోగం ఊడుతుంది, జైలు కూడా పడొచ్చు. చేస్తానన్నాను. అదేదో ఘనకార్యమనిపించి, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వపడ్డాను కూడా.

తమ్ముడి మంచం పక్కనే కూర్చుని లాయరమ్మ నా వాంగ్మూలం రాసి, పైకి చదివింది. వాడి దవడకు ఇంకా తీగలు కట్టే ఉన్నాయి.

"ఇంకేమైనా చేర్చాలా?" అని అడిగింది.

తమ్ముడు బిగిసిన పళ్ళ మధ్య నుంచి, ఇన్నాళ్లకు మొదటిసారి మాట్లాడాడు.

"ఆ రోజే పేర్లు రాసుంటే వాడు బతికేవాడు. అది కూడా రాయించు."

లాయరమ్మ కలం పట్టుకుని నా వంక చూసింది.

"రాయండమ్మా," అన్నాను.