గూడు లేని గోడ

పెళ్లయిన పద్నాలుగేళ్లలో దేవకృప తొమ్మిది కొత్త ఇళ్లలో కాపురం చేసింది. వినేవాళ్లకు అదృష్టంలాగే ఉంటుంది మరి. ఒక్కటీ ఆమెది కాదు.

భర్త జీవరాజు మేస్త్రీ. చిలకలగూడలో జాగా కొని, ఇల్లు కట్టి, బేరం రాగానే అమ్మేసేవాడు. దీపం పెట్టని ఇల్లు పాడుబడ్డ కొంపలా కనిపిస్తుందనీ, దానికి మంచి బేరం రాదనీ అతని నమ్మకం. అందుకని గోడల తడి ఆరకముందే భార్యను అందులో దించేవాడు. కొనేవాళ్లు మెచ్చాలని ఆమె వాకిట్లో ముగ్గు కూడా పెట్టేది. ఇల్లు కళకళలాడేసరికి ఎవరో ఒకరు వచ్చి కొనుక్కునేవారు. ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు, కట్టినదాన్ని వదిలి చూడమనడం మరిచిపోయారు.

కొనేది హిందువులే కాబట్టి ప్రతి వంటింట్లో తూర్పు గోడకు దేవుడి గూడు ఉండేది. అది రేపు ఎవరి దేవుడో వచ్చి కూర్చునే చోటు. దేవకృప అందులో అగ్గిపెట్టె కూడా పెట్టేది కాదు. ఆమె బైబిలు ట్రంకుపెట్టెలోనే ఉండేది.

రజాకార్ల గొడవల్లో ఊరు వదిలి పోయేవాళ్లే గాని ఇల్లు కొనేవాళ్లు లేకపోయారు. జీవరాజు తల పట్టుకున్నాడు. దేవకృప పెరట్లో కరివేపాకు మొక్క నాటింది. జనం ప్రాణాలు అరచేత పెట్టుకుని బతుకుతుంటే తనకు లోలోపల సంతోషంగా ఉందని సిగ్గుపడి, ప్రార్థనలో క్షమాపణ అడిగింది. అడుగుతూనే, ఇంకో నెల ఎవరినీ రానియ్యకు ప్రభువా అని కలుపుకుంది.

పోలీసు చర్య అయింది, ఊరు తెరిపిన పడింది. క్రిస్మస్ లోపే సోమయ్య అనే బట్టల వ్యాపారి ఆ ఇల్లు కొన్నాడు. సామాను బండికెక్కిస్తుంటే దేవకృప మొదటిసారి నోరు విప్పి అడిగింది.

"నాకొక్క ఇల్లు కట్టు. చిన్నదైనా సరే, గూడు లేని ఇల్లు."

జీవరాజు తలూపాడు.

మరుసటి ఏడు కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే ఆమె నేరుగా వంటింటికి పోయింది. తూర్పు గోడ నున్నగా ఉంది. చేత్తో తడిమి చూసింది, గూడు లేదు. నోటితో అడిగితే ఎక్కడ చెదిరిపోతుందోనని భర్తను ఏమీ అడగలేదు. ఆ గోడకు తనే మేకు కొట్టి పెళ్లి ఫోటో తగిలించింది. కింద పలక వేసి బైబిలు పెట్టింది. మోండా మార్కెట్ నుంచి కరివేపాకు మొక్క తెచ్చి నాటింది. ముగ్గు మానేసింది. ఇంకెవరికి చూపాలని?

మూడో వారం గుంటూరు నుంచి మార్త అనే పంతులమ్మ జట్కా దిగింది. ఇక్కడి బడిలో ఆమెకు ఉద్యోగమైందట. ఇల్లంతా తిరిగి, వంటింట్లో ఆగి నవ్వింది.

"ఉత్తరంలో మేం రాసినట్టే దేవుడి గూడు లేకుండా కట్టించారండీ. మాట నిలబెట్టుకున్నారు."

జీవరాజు కిటికీ గడియ సరిచూస్తూ నిలబడ్డాడు. కోస్తా నుంచి క్రైస్తవ ఉద్యోగులు వస్తున్నారు, బేరం మారింది. ఆ సంగతి దేవకృపకు అప్పుడే అర్థమైంది. అయినా వచ్చినామెకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

జట్కా వెళ్లిపోయాక ఫోటో దించి కొంగుతో తుడిచింది.

"వచ్చే ఇంట్ల గూడు పెట్టు," అంది.

"ఎందుకే? ఇప్పుడొచ్చేటోళ్లు మనోళ్లే గదా."

"పెట్టు. గూడుంటే నాది కాదని ముందే తెలుస్తది."