సముద్రం ఉన్న ఊరికి

గొంతు తెగాక కూడా కోడి డ్రమ్ములో చాలాసేపు కొట్టుకుంటుంది. మొదట రెక్కలు డ్రమ్ము గోడలకు టపటపా తగులుతాయి. తర్వాత కాలిగోళ్లు గీరిన చప్పుడు. అది కూడా ఆగేదాకా జాహిదా లోపల చెయ్యి పెట్టదు. ఆగినాక వంగి, రెండు కాళ్లూ కలిపి పట్టుకుని పైకి లాగి, మెడ దగ్గర తోలులో బొటనవేలు దూర్చి ఒక్క గుంజు గుంజుతుంది. ఈకలతో సహా తోలు చొక్కా విప్పినట్టు ఊడి వస్తుంది. ఆ పైన పొట్ట చీల్చి, వేడివేడి పేగులు ఒకవైపు, కార్జం, కందనకాయ ఒకవైపు వేసి, మిగిలింది మొద్దు మీదికి జరుపుతుంది. కోయడం, కొట్టడం దుకాణం యజమాని అబ్దుల్ రెహమాన్ పని. మధ్యలోదంతా ఆమెది.

గిద్దలూరు బస్టాండు వెనక సందులో ఆ దుకాణం. మొగుడు చనిపోయిన ఏడాది, ఇరవై ఏళ్ల కిందట, జాహిదా అక్కడ పనిలో చేరింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చున్నీ నడుముకు బిగించి కట్టుకుంటుంది. వేళ్ల సందుల్లో చర్మం నీళ్లకు నాని తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఎడమ మణికట్టు ఒక పక్కకు వంకర తిరిగి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు దాని సంగతి అడిగితే, చిన్నప్పుడు జారి పడినానని చెబుతుంది. ఆమె ఒంటి మీద అట్ల జారి పడిన గుర్తులు ఇంకా చాలా ఉన్నాయి. అన్నిటికీ ఆమె దగ్గర ఉన్న జవాబు అదొక్కటే.

ఆ రోజు పొద్దున ఆమె పనిలో తేడా ఏమీ లేదు. ఎప్పటిలాగే బేసిన్లు కడిగింది, నీళ్లు పట్టింది. కానీ కోడి పొట్టలో చెయ్యి పెట్టినప్పుడల్లా ముందురోజు సాయంత్రం కళ్ల ముందుకు వస్తోంది.

ఆమె కొడుకు ముజమ్మిల్ స్టేషను దగ్గర ఆటో నడుపుతాడు. ముందురోజు పెళ్లానికి ఫోను చేస్తే ఎంగేజి వచ్చిందట. రేష్మా అర్ధవీడులో ఉన్న చెల్లెలితో మాట్లాడుతోంది, అంతే. అతను ఆటో ఇంటికి తెచ్చి, ఫోను లాక్కుని నేలకేసి కొట్టినాడు. తర్వాత రేష్మాను జుట్టు పట్టుకుని వంటగదిలో నుంచి వాకిట్లోకి ఈడ్చినాడు. ఆమె నాలుగో నెల కడుపుతో ఉంది. రెండు చేతులూ పొట్ట మీద అడ్డం పెట్టుకుని ముడుచుకుంటే, చేతులు తీయమని చెప్పి తన్నినాడు. నిరుడు ఇట్లనే తన్నినప్పుడు కడుపు పోయింది. అప్పుడు రేష్మాను ఆసుపత్రి నుంచి నేరుగా పుట్టింటికి తీసుకుపోయినారు. నెల తిరక్కముందే మళ్లీ తెచ్చి వదిలినారు. ఈసారి జాహిదా మధ్యలో పడితే ఆమెనూ ఒక పక్కకు నెట్టినాడు. వాడి ముఖం అప్పుడు అచ్చం వాళ్ల నాయన ముఖం.

పొద్దున రేష్మా లేచి నిలబడింది. రక్తం పడలేదు. జాహిదాకు అది చాలు. దుకాణానికి వస్తూనే, పక్కన కూరగాయలు పెట్టుకుని కూర్చునే దానమ్మ దగ్గర ఆగి, గొంతు తగ్గించి మాట్లాడింది. దానమ్మ కూతురు బ్లెస్సీ వైజాగులో రొయ్యల కంపెనీలో పని చేస్తుంది. నలుగురు ఆడపిల్లలు కలిసి ఒక గదిలో ఉంటారు. మనుషులు కావాలని ఆ పిల్ల ఎన్నోసార్లు చెప్పింది కూడా. దానమ్మ ఏమీ అడగకుండా అక్కడే ఫోను తీసి కూతురికి కలిపింది. వంకాయల మీద నీళ్లు చల్లుతూనే మాట్లాడి, పెట్టేసి, తల ఊపింది.

పదకొండింటికి రేష్మా ఎప్పటిలాగే క్యారియరు తీసుకుని వచ్చింది. బుర్ఖా పైకెత్తితే కింది పెదవి చిట్లి ఉంది. జాహిదా ఆమెను దుకాణం వెనక్కి, తోళ్లు, పేగులు వేసే డ్రమ్ముల దగ్గరికి తీసుకుపోయింది. అక్కడి వాసనకు ఎవరూ రారు.

"బేటీ, మళ్లీ ఇంటికి పోవద్దు. ఇట్లనే పో."

"యాడికి అమ్మీ?"

"వైజాగుకు. బ్లెస్సీ స్టేషనుకు వస్తాది."

రేష్మా నంద్యాల దాటి ఎరగదు. ఆ ఊరు ఎట్ల ఉంటాదో తనకేం తెలుసని గొణిగింది. కళ్లు సందు మొదట్లోకి పోతున్నాయి, ఆటో వస్తుందేమోనని.

"నాకు తెలుసు. నేను చెప్తా, విను," అంది జాహిదా.

ఇంట్లో ఆమె అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం రేష్మా ఎప్పుడూ వినలేదు. ఆ ఊళ్లో ఎండ బాగా కాస్తుందని చెప్పింది. ఇక్కడి ఎండకు ఒళ్లు మాడుతుంది కానీ చెమట ఆరిపోతుంది, అక్కడ ఆరదు, రెండు పూటలా పోసుకోకపోతే గజ్జల్లో ఒరుసుకుపోతుందని చెప్పింది. సముద్రానికి మరీ దగ్గరగా గది తీసుకోవద్దంది. ఉప్పు గాలికి తాళం నెలలోనే బిగుసుకుపోతుంది, కొబ్బరినూనె చుక్క వేస్తూ ఉండాలి. వాన అక్కడ అడ్డంగా కొడుతుంది, కిటికీ కింద బియ్యం మూట పెట్టకూడదు. రొయ్యలు ఒలిచేటప్పుడు చేతులు ఐసులో గంటలకొద్దీ ఉంటాయి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, సాయంత్రానికి చీము పడుతుంది, కాబట్టి చేతికి తొడుగులు ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి. సూపర్‌వైజరు ఒంటరిగా స్టోరులోకి పిలిస్తే పోకూడదు. మన యాసలో వచ్చినాడు, పోయినాడు అంటే అక్కడివాళ్లు నవ్వుతారు, నవ్వనీ. ఏ ఊరని అడిగితే మాత్రం గిద్దలూరు పేరు ఎత్తకూడదు.

రేష్మా ఆమె ముఖంలోకే చూస్తోంది. అత్త ఒకప్పుడు ఇంట్లోంచి పారిపోయిందని చుట్టాలు గుసగుసలాడగా విన్నది. ఎక్కడికో, ఎందుకో ఎవరూ చెప్పలేదు.

జాహిదా అప్పుడు పాతికేళ్ల పిల్ల. మొగుడు లారీ డ్రైవరు. ఊళ్లో ఉన్న ప్రతి రోజూ కొట్టేవాడు, బెల్టుతో, చెప్పుతో, చేతికి ఏది దొరికితే దానితో. ఒకనాడు బావి గట్టు మీద మెడ వంచి పట్టుకున్నాడు. ఆ మర్నాడు రెండేళ్ల ముజమ్మిల్‌ను తల్లి దగ్గర వదిలి, రైలెక్కి, అది ఆగిన చివరి ఊళ్లో దిగింది. వైజాగు హార్బరు దగ్గర రొయ్యల షెడ్డులో పని దొరికింది. రేకుల గది. ఆ గదికి గొళ్లెం లోపలి వైపు ఉండేది. రాత్రి గొళ్లెం వేసుకుని పడుకుంటే తెల్లారేదాకా ఎవరూ తలుపు తన్నలేదు. అప్పటిదాకా ఆమె ఎప్పుడూ తెల్లారేదాకా నిద్రపోలేదు. సెలవునాడు ఇసుకలో కూర్చుని సముద్రం మీద ఎండ చూసేది. ఆ వెలుతురుకు కళ్లు మండేవి. అయినా చూసేది.

ఏడాది నిండకముందే అన్నలు ఇద్దరూ వెతుక్కుంటూ వచ్చినారు. కొట్టలేదు, తిట్టలేదు. పిల్లోడికి జ్వరం, రెండు రోజులు కూడా బతకడని చెప్పి ఏడ్చినారు. ఆమె కట్టుకున్న బట్టలతోనే రైలెక్కింది. ఇంటికి వచ్చేసరికి ముజమ్మిల్ వాకిట్లో టైరు దొర్లించుకుంటూ ఆడుకుంటున్నాడు. తల్లిని చూసి గుర్తుపట్టక అమ్మమ్మ వెనక దాక్కున్నాడు. ఆ సాయంత్రమే పెద్దన్న జాకీ రాడ్డుతో ఆమె మణికట్టు విరిచినాడు. చిన్నన్న కాళ్లు పట్టుకున్నాడు. మొగుడు మంచం మీద కూర్చుని చూసినాడు.

ఇదంతా ఆమె నాలుగు ముక్కల్లో చెప్పి, రేష్మా రెండు చేతులూ పట్టుకుంది.

"ఎవరైనా వచ్చి, ఎవరో చస్తాండారని చెప్తే నమ్మొద్దు. నేను చచ్చినానని చెప్పినా రావద్దు. ఒట్టు పెట్టు."

రేష్మా ఒట్టు పెట్టలేక ఏడ్చింది. జాహిదా ఆమె చెయ్యి తీసి కడుపు మీద పెట్టించి, దీని మీద పెట్టు అంది. రేష్మా పెట్టింది.

గిద్దలూరు స్టేషనులో అందరూ ముజమ్మిల్‌కు తెలిసిన ఆటోవాళ్లే. అందుకని బస్సులో కంభం పోయి అక్కడ రైలెక్కాలి, విజయవాడలో మారాలి. కంభం దాకా దానమ్మ తోడు పోతుంది. జాహిదా తన చెవుల కమ్మలు తీసి, రేష్మా బుర్ఖా లోపల కొంగుకు ముడివేసింది. కోడి నెత్తురు అంటిన చేతులతో ఆమె ముఖం మీది ముసుగు దించింది. నల్ల బుర్ఖా, పక్కన కూరగాయల సంచితో దానమ్మ, ఇద్దరూ సందు మలుపు తిరిగినారు. లోపల డ్రమ్ములో ఇంకో కోడి కొట్టుకుంటోంది. జాహిదా పోయి, అది ఆగేదాకా నిలబడింది.

రెండున్నరకు పని ముగించి ఇల్లు చేరింది. రోజూ చేసే పనులే చేసింది. వాకిలి ఊడ్చింది, అంట్లు తోమింది. గుంటూరు మీదుగా విజయవాడ పోయే రైలు స్టేషను వదిలి కూత వేసింది. అది కంభం చేరడానికి ఇంకో అరగంట పడుతుంది. అక్కడ రేష్మా అది ఎక్కితే ఇక ఎవరి చేతికీ చిక్కదు.

కూత ఇంకా గాలిలో ఉండగానే ఆటో వచ్చి ఆగింది.

ముజమ్మిల్ లోపలికి వచ్చి రేష్మాను పిలిచినాడు. పలుకు లేకపోతే వంటగదిలో చూసి, దొడ్లో చూసి వచ్చినాడు. పక్కింటి అఫ్సానాతో ఆసుపత్రికి పోయిందని తల్లి చెప్పింది. అతను గోడ మీంచి అఫ్సానా ఇంట్లోకి తొంగి చూసినాడు. అఫ్సానా బియ్యం చెరుగుకుంటోంది. వెనక్కి తిరిగి తల్లి ముఖం చూసినాడు. బోసి చెవులు చూసినాడు.

"కమ్మలు ఏమైనాయి?"

జాహిదా గడప వైపు జరిగింది. అతను చెంప మీద కొట్టినాడు. ఆమె గోడకు తగిలి నిలదొక్కుకుంది. యాడికి పంపినావు అని అడుగుతూ ఇంకోటి కొట్టినాడు. పళ్ల సందున నెత్తురు ఉప్పగా తగిలింది. ఆమె తలుపు రెక్క పట్టుకుని, గడపకు అడ్డంగా నిలబడింది.

"నన్ను వదిలేసి పోయినావు. ఇప్పుడు దాన్నీ పంపినావా?" అన్నాడు ముజమ్మిల్. ఆ ఒక్క నిమిషం వాడు టైరు పట్టుకున్న పిల్లాడిలాగా ఉన్నాడు.

"నిన్ను వదిలి పోయినాను. నిజమే నాయనా. దానికి నన్ను కొట్టు," అంది. "అది ఏం చేసింది?"

అతను జేబులోంచి ఫోను తీసినాడు. ఇక్కడ ఎక్కలేదంటే కంభంలోనే ఎక్కుతుందని గొణుగుతూ, అక్కడి స్టాండులో ఉన్న ఆటోవాడి నంబరు వెతికినాడు. జాహిదా చేతులు ఇరవై ఏళ్లు కోళ్లను పట్టిన చేతులు. ఒక్క గుంజుతో ఫోను లాగి, పక్కనున్న నీళ్ల తొట్టిలో పడేసింది.

ఆ తర్వాత అతను కొట్టడం ఆపలేదు. జుట్టు పట్టుకుని ఆమె తలను తలుపు చట్రానికి కొట్టినాడు. ఆమె కింద పడితే పక్కటెముకల మీద తన్నినాడు. లోపల ఏదో పుల్ల విరిగినట్టు చప్పుడైంది. అతను ఆటో దగ్గరికి పోబోతే ఆమె పాక్కుంటూ పోయి కాలు పట్టుకుంది. వంకర మణికట్టుతోనే పట్టుకుంది. విడిపించుకోవడానికి అతను రెండో కాలితో ఆమె భుజం మీద, మెడ మీద, తల మీద తొక్కినాడు. ఆమెకు నొప్పి కంటే చప్పుళ్లే ఎక్కువ తెలుస్తున్నాయి. ఎప్పుడు వదిలిందో ఆమెకు తెలియదు. ఆటో స్టార్టు అయి దూరమైన చప్పుడు మాత్రం వినిపించింది. అప్పటికి వాకిట్లో ఎండ గోడ ఎక్కింది. రైలు కంభం దాటి చాలాసేపై ఉంటుంది.

అఫ్సానా పరుగున వచ్చి తల ఒళ్లో పెట్టుకుంది. నీళ్లు తాపితే లోపలికి పోలేదు. అంబులెన్సుకు ఫోను చేసి, ఏమైంది జాహిదక్కా అని అడిగింది. జవాబు తనకు ముందే తెలిసినట్టే అడిగింది.

"నా కొడుకు కొట్టినాడు," అంది జాహిదా.

అఫ్సానా వినలేదేమోనని మళ్లీ ఒకసారి, ఇంకొంచెం గట్టిగా చెప్పింది. తర్వాత కళ్లు సగం మూసుకుని, గోడ మీద తెల్లగా పరుచుకున్న ఎండను చూస్తూ ఉండిపోయింది. అంబులెన్సు సందులోకి తిరిగేసరికి ఆ చూపు అలాగే ఉంది, ఊపిరి లేదు.

సాయంత్రం పోలీసులు ముజమ్మిల్‌ను అర్ధవీడులో అత్తగారింటి ముందు పట్టుకున్నారు. గిద్దలూరులో జాహిదా ఇంటి నిండా జనం. రేష్మా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. జాహిదా పెద్దన్న, ఇప్పుడు కర్ర ఊతంతో నడిచే ముసలివాడు, అరుగు మీద కూర్చుని, అది ఎక్కడున్నా అత్త చచ్చిపోయిందని కబురు పంపితే పరిగెత్తుకు వస్తుందని అన్నాడు. కంభం నుంచి తిరిగి వచ్చిన దానమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట విన్నది. చేతిలో ఫోను మోగింది. బ్లెస్సీ. ఆమె ఫోను నోరు నొక్కి, సంచిలో ఆకుకూరల కిందికి తోసి, ఇంటిదారి పట్టింది.

వంటగదిలోకి ఎవరూ పోలేదు. పొయ్యి పక్కన సత్తు గిన్నెలో, మధ్యాహ్నం జాహిదా ముగ్గురికి కొలిచి కడిగి పోసిన బియ్యం, నీళ్లన్నీ తాగి తెల్లగా ఉబ్బి, మూత లేకుండా ఉంది.