తగువుతో పులిసిన తొట్టి

తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, అరవై దాటిన తర్వాత అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులు అటూ ఇటూ అవుతాయి, చెయ్యి నెమ్మది. ఈ నాలుగు ముక్కలకీ పదకొండు రోజులు పట్టింది.

ఒక ద్రాక్షతోట ఇంట్లో ఇద్దరు తోటికోడళ్లుండేవారు. వరసగా మూడు వేసవులు ఎండ నిప్పులు చెరిగేసరికి, పలచతోలు ద్రాక్షంతా తీగ మీదే వడిలి ముడుచుకుపోయింది. చిన్నకోడలు పట్టుబట్టి, ఎండకు ఓర్చుకుని తక్కువ నీటితో బతికే మందపాటి తోలు రకం నాటించింది. తోట పెత్తనం బావగారిది, అంటే పెద్దకోడలి మొగుడిది. ఆయనకు ఆ తీగలంటే గిట్టదు.

"ఈ తోలు చెప్పులు కుట్టుకోడానికి పనికొస్తుంది," అన్నాడు తొలికాపులో మొదటి గుత్తి నమిలి. "పళ్లు తొక్కి తొట్టిలో పోయండి. వచ్చే ఆదివారం రుచి చూస్తా. వైన్ అయితే తీగలుంటాయి. కాకపోతే సోమవారం పొద్దున్నే పీకించేస్తా."

దాంతో ఊరుకోలేదు. తోటికోడళ్లిద్దరికీ క్షణం పడదు. వాళ్ల అరుపులకు ఆయన చెవులు చిల్లులు పడుతున్నాయట. వైన్ దిగేదాకా ఒకరినొకరు పల్లెత్తు మాట అనకూడదని ఇద్దరిచేతా ఒట్టు వేయించుకున్నాడు. ఇద్దరూ ఒట్టు మీద నిలబడ్డారు. అక్కడే కొంప మునిగింది.

బుధవారం పొద్దున చిన్నకోడలు తొట్టికి చెవి ఆనించింది. బుడబుడ లేదు. మూత తీసి చూస్తే, ద్రాక్ష తొక్కలన్నీ పైకి తేలి చాపలా అట్టకట్టి ఉన్నాయి. వాటిని పూటపూటా కర్రతో కిందికి పొడిస్తేనే గాలి తగిలి రసం పులుస్తుంది. ఆ ఇంట్లో పులియడానికని కొన్న మందులేవీ కలపరు మరి.

"అక్కా, నిన్న తొక్కలు పొడిచావా?"

"నీ తీగలు కదమ్మా, ముందు నీ చెయ్యే పడాలని ఆగాను. నువ్వు పొడవలేదూ?"

"పెద్దదానివి నువ్వుండగా నేనెలా పడతాను కర్ర?"

ఈ మర్యాద మూడు రోజులుగా సాగుతోంది. చిన్నకోడలికి అప్పుడు తట్టింది. ఏటా ఈ పని ఎవరూ ఎవరికీ చెప్పేవారు కాదు. కోపం వచ్చినవాళ్లు కర్ర అందుకునేవారు. ఒకరు పది పోట్లు పొడిస్తే రెండోవారు పన్నెండు పొడిచేవారు.

"అక్కా, తిట్టు నన్ను. ఒట్టూ లేదు, గట్టూ లేదు. ఉత్తినే పొడిస్తే చెయ్యి కదలడం లేదు."

ఇద్దరూ చెరో కర్ర అందుకున్నారు. పెద్దకోడలు తిట్టు కోసం వెతుక్కుంది. "నీ... నీ నడక బాగోదే."

"మడమ నొప్పి అక్కా."

"అయ్యో, నూనె రాసుకోకపోయావా?"

రెండు కర్రలూ ఆగిపోయాయి.

చిన్నకోడలు దిక్కుతోచక చుట్టూ చూసింది. పులిశాక వైన్‌లో నానెయ్యడానికి, తోట గట్టున దానంతటదే మొలిచే అడవి పుదీనా, చేదు వేరు గుడ్డలో మూటగట్టి మేకుకు తగిలించారు. పుదీనా తను వేసింది, వేర్లు పెద్దకోడలు వేసింది. మూట విప్పి చూసింది.

"నాలుగు వేర్లు వేశావా! ఇది తాగడానికా అక్కా, కడుపులో పురుగులు పోవడానికా?"

పెద్దకోడలి ముక్కుపుటాలు అదిరాయి. "ఏమన్నావూ?" కర్ర ధన్‌మని దిగింది. "నీ పుదీనా కట్ట పడితే జనం పుక్కిలించి ఊస్తారు!"

"నీ చేతి వంట తిన్నవాళ్లకి ఊయడం అలవాటేలే!" ధన్.

"నా పెళ్లి చీర అరువు పట్టుకెళ్లి కొంగు కాల్చి తెచ్చినదానివి, నువ్వా మాట్లాడేది!" ధన్, ధన్.

కేకలు విని బావగారు పరుగెత్తుకొచ్చాడు. "ఒట్టు వేశారు మీరిద్దరూ!"

"తీసి గట్టున పెట్టండి," అంది పెద్దకోడలు వెనక్కి తిరక్కుండా. "మీ ఒట్టు వల్లే తొట్టి చచ్చింది."

ఆయన తొంగి చూశాడు. తొక్కల సందుల్లోంచి ఎర్రటి నురగ పొంగుతోంది. మొండిమనిషే గానీ దొంగాట ఆడేవాడు కాదు. సాయంత్రానికి ఇద్దరికీ తిట్లు అయిపోయి పోట్లు నెమ్మదించేసరికి, గుమ్మంలోంచి తల పెట్టి, "మొన్న కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరి చెయ్యో మరి," అని తప్పుకున్నాడు. అది శనివారం దాకా సరిపోయింది.

ఆదివారం ఆయన గరిటెడు వైన్ నోట్లో పోసుకుని కళ్లు మూశాడు.

"వైనే," అన్నాడు చివరికి, పన్ను పీకించుకున్నట్టు. "ఉండనీ తీగలు. అవతలి నేల చెక్కలో కూడా ఇవే వేద్దాం. వరసలు ఎటు తియ్యమంటారు?"

"తూర్పు పడమరగా," అంది చిన్నకోడలు.

"ఉత్తర దక్షిణంగా," అంది పెద్దకోడలు.

బావగారు కుర్చీ ఎత్తుకుని బయటికి నడిచాడు.

రాసింది పీపాలమ్మ, వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది కూతురింట్లో, వంటింటి పక్క గదిలో.