గంగులు నిశాని

దక్షిణామూర్తి పంతులు గారి మీసం మూడోసారి సవరిస్తున్నాడు నాగేంద్రబాబు. పాత ఫోటో, ఎడమ మీసం మీద బూజు మచ్చ పడింది. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారినా మౌస్ మీంచి చెయ్యి తియ్యలేదు. మోకాళ్ళ నొప్పికి బల్ల కింద ఇటుక మీద కాళ్ళు ఆనించుకున్నాడు. దుబాయ్ డేరా పేటలోని ఈ టైపింగ్ సెంటర్లో ఆ కుర్చీకీ ఆయనకీ ఇరవై మూడేళ్ళ చుట్టరికం. ఈ సాయంత్రంతో అదీ సరి. జనం ఫారాలన్నీ ఫోన్లోనే నింపేసుకుంటున్నారు. ముదీర్, అదే మేనేజరు, ఈయన వీసా రద్దు చేయించాడు. రాత్రి తొమ్మిదింటికి విమానం.

పంతులు గారిది పందొమ్మిదో శతాబ్దం. గోదావరి జిల్లాలో పేరు మోసిన వకీలు. ఆయన లేచి నిలబడితే జడ్జీ దొర కలం కింద పెట్టి వినేవాడట. ఆపైన ఫ్రీమేసన్ల లాడ్జికి పెద్ద. తలుపులు బిడాయించుకుని, నడుముకి తెల్లటి గొర్రెతోలు కట్టుకుని, కలెక్టరూ గుమాస్తా ఒకరినొకరు 'సోదరా' అని పిలుచుకునే సంఘం అది. బ్రాహ్మడు తోలు కట్టాడని ఊరు ముక్కున వేలేసుకుంది. పంతులు గారు ఖాతరు చెయ్యలేదు. అక్కడ అందరూ సమానమే, లోపలికి రానిస్తే.

ఆయన మునిమనవడి కొడుకు బాలసుబ్రహ్మణ్యం ఇదే వీధిలో వాచీల వ్యాపారి. పంతులు గారి జీవితచరిత్ర ఇప్పుడు అచ్చు వేయిస్తున్నాడు. రాత బాలసుబ్రహ్మణ్యానిది, టైపు నాగేంద్రబాబుది.

చిక్కంతా లాడ్జి హాజరు పట్టీ దగ్గర వచ్చింది. పన్నెండు మంది వయ్యారంగా సంతకాలు చేశారు. అట్టడుగున ఒక వంకర ఇంటూ గుర్తు, పక్కన ఎవరో రాసిపెట్టిన మాట: 'వాకిలి కాపలా గంగులు నిశాని'. చదువు రానివాడి సంతకమది. లోపల సభ సాగినంతసేపూ కత్తి పట్టుకుని బయట నిలబడ్డవాడు. నాగేంద్రబాబు ఆ పేరు కూడా టైపు చేశాడు. పొద్దున ప్రూఫు చూసి బాలసుబ్రహ్మణ్యం నొసలు చిట్లించాడు.

"మా తాతగారి పుస్తకంలో బంట్రోతు గొడవెందుకండీ? ఖలాస్, తీసెయ్యండి. సాయంత్రం ప్రెస్సుకి పంపేద్దురు గాని."

"అలాగేనండి."

తీసేశాడు. చెప్పింది కొట్టడమే ఆయన పని. ఇరవై మూడేళ్ళలో ఒక్క అక్షరం సొంతంగా వేసి ఎరగడు.

మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా తెరిచాడు గాని సయించలేదు. వాళ్ళ నాన్న అమలాపురం కోర్టులో బంట్రోతు. వాదిని మూడుసార్లు, ప్రతివాదిని మూడుసార్లు పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నాడు. రిటైరైన రోజు జడ్జీ గారు దండ వేసి, "ఇంతకీ నీ పేరేమిటోయ్?" అన్నారు. అది తలుచుకుంటే నాగేంద్రబాబుకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చివరి అధ్యాయం కొట్టాడు. భోంచేసి పడక్కుర్చీలో వాలిన పంతులు గారు మరి లేవలేదు. అంతే ఉంది.

నాలుగింటికి కుర్చీలోంచి లేచి, చెవి పక్కన చెయ్యి పెట్టి, అచ్చం నాన్నలా కేకేశాడు.

"గంగులూ... గంగులూ... గంగులూ... హాజర్!"

వరసలో కూర్చున్న బలూచీ డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. పక్క బల్ల దగ్గర టైపు చేసే నెల్లూరమ్మాయి ఫైజా పకపకా నవ్వింది.

"ఏందన్నా, పొయ్యే రోజు పిచ్చి పట్టిందా?"

ఆయన కూర్చుని గంగులు పేరు మళ్ళీ కొట్టాడు, పన్నెండు మంది కింద, అదే సైజు అక్షరాల్లో. ఆ పేజీ ఒకటి ప్రింటు తీసి, పెన్నుతో ఏదో గీసి, మళ్ళీ ప్రింటరు మీదే పెట్టాడు. పుస్తకం ప్రెస్సుకి పంపేశాడు.

ఫైజా నవ్వు ఆగిపోయింది. "రేపు ఆయనొచ్చి నా మీద పడతాడన్నా. నేనేం చెప్పేది?"

"నాగేంద్రబాబు చేశాడని చెప్పు. పేరు మర్చిపోకుండా చెప్పమ్మా."

ఇటుకని కాలితో గోడవారకి జరిపి, సంచీ భుజానికి తగిలించుకుని, మెట్రో వైపు వెళ్ళిపోయాడు. ముదీర్ ఐదింటికల్లా ఆ కుర్చీ తీయించేశాడు. ప్రింటరు మీద కాగితం మాత్రం అలాగే ఉంది: పన్నెండు పేర్లు, కింద గంగులు, ఆ పేరు పక్కన నీలం సిరాతో ఒక వంకర ఇంటూ గుర్తు.